మా బోటు మీద మెల్లకన్ను హీరో

వేసవిలో వేట నిషేధం మొదలై బోట్లన్నీ గట్టెక్కాక మా ఊళ్ళో మగవాళ్ళకి రెండే పనులుంటాయి. వలలు బాగుచేసుకోవడం ఒకటి, బోట్లకి రంగులు వేయించుకోవడం రెండోది. ఆ రంగుల గురించి పోట్లాడుకోవడం మూడో పని కింద లెక్కేసుకోవచ్చు గానీ, దాన్ని మేం పని అనుకోం, సరదా అనుకుంటాం. ఈ ఏడు ఆ సరదా మా ఇంట్లోనే మొదలైంది.

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ మా అమ్మాయి అంది, "నాన్నా, ఈసారి బోటు మీద మా హీరో బొమ్మ పెడదాం."

కాఫీలో చక్కెర తక్కువైందన్న సంగతి కూడా అప్పుడు నాకు తెలియలేదు.

మాది నరసాపురం దాటాక, గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్న చేపలవాళ్ళ ఊరు. మా బోటు ముక్కుకి రెండు వైపులా ఒక హీరోగారి బొమ్మ ఉంటుంది. నా చిన్నప్పట్నుంచీ ఆయనే. ప్రతి వేసవీ పాత రంగు గీకేస్తాం, కొత్త రంగు వేస్తాం, మళ్ళీ ఆయన్నే వేయిస్తాం. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే అవతలి హీరో అభిమానులు చదవడం ఇక్కడితో ఆపేస్తారు, నాకేమో వాళ్ళు కూడా చివరిదాకా చదవాలని ఉంది.

మా హీరో మా బోటు దిగిపోవడం నాకు కష్టమే. కానీ నా గుండెలో రాయి పడింది దానికి మాత్రమే కాదు. ఆ బొమ్మ కంట్లో మా నాన్న చేతి గుర్తు ఒకటుంది. నాన్న పోయి చాలా కాలమైంది, ఆయన ఫోటో కూడా మా దగ్గర సరైనది లేదు. బొమ్మ మారితే ఆ గుర్తు కూడా పోతుంది. అదేమిటో చెప్పాలంటే నా చిన్నతనం నుంచీ చెప్పుకురావాలి.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు మా మేనమామ నన్ను నరసాపురం తీసుకెళ్ళి సినిమా చూపించాడు. అందులో మా హీరో (అప్పటికింకా మా హీరో కాదు, హాల్లోంచి బయటికొచ్చేసరికి అయ్యాడు) ఓడ మీదినుంచి సముద్రంలోకి దూకుతాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఈలలు వేశారు. నేను వేయలేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, ఆ దూకడం ఎలాంటిదో హాల్లో ఉన్న వ్యవసాయదారుల పిల్లలకన్నా నాకు బాగా తెలుసు. మనవాళ్ళు కూడా అంత ఎత్తునుంచి దూకరు, ఈయన తల దువ్వుకుని మరీ దూకాడు!

ఇంటికొచ్చి మన పడవ మీద ఆయన బొమ్మ వేయించమని నాన్న వెంట పడ్డాను. అప్పట్లో మా పడవ మీద గంగమ్మ తల్లి పేరు తప్ప ఏమీ ఉండేది కాదు. నాన్న సినిమాలు చూసే మనిషి కాదు. ఒకసారి హాలుకి వెళ్ళి మొదటి పాటకే నిద్రపోయి, జనగణమనకి లేచి నిలబడి వచ్చిన మనిషి. ఆయన ముందు ఒప్పుకోలేదు. నేను అన్నం మానేశాను. మొదటి పూట అమ్మ తిట్టింది, రెండో పూట బతిమాలింది. మూడో పూట నాన్న వచ్చి పక్కన కూర్చుని, "ఏయిస్తే తింటావా?" అన్నాడు. తింటానన్నాను. "సరే, తిను. గంగమ్మ పేరు మాత్రం ఆయన నెత్తిమీదే ఉంటాది" అన్నాడు.

నరసాపురంలో సినిమా హాళ్ళకి బట్టల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసే ఆర్టిస్టు ఒకాయన ఉండేవాడు. అప్పుడు కుర్రాడే. సైకిలు వెనక రంగుడబ్బాలు కట్టుకుని వచ్చి, నా హీరోని అచ్చు గుద్దినట్టు దించాడు. కళ్ళు మాత్రం తెల్లగా వదిలేశాడు. మా రేవులో ఆచారం అది. బొమ్మకి కళ్ళు ఆర్టిస్టు పెట్టకూడదు. బోటు నీళ్ళలోకి దింపి, గంగమ్మకి పసుపుకుంకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, యజమాని తన చేత్తో రెండు నల్లచుక్కలు పెట్టాలి. దాన్ని కళ్ళు తెరిపించడం అంటాం. గట్టు మీద ఉండగా తెరిపిస్తే బోటు చూపు గట్టుకే అతుక్కుపోతుందని, నీళ్ళలో తేలుతుండగానే తెరిపిస్తాం. పూర్వం అమ్మవారి బొమ్మకి చేసేవాళ్ళట. బోట్ల మీదికి హీరోలు వచ్చాక వాళ్ళకీ అదే మర్యాద.

ఆ రోజు నాన్న మొలలోతు నీళ్ళలో నిలబడి కుంచె పట్టుకున్నాడు. ఒక కన్ను బ్రహ్మాండంగా కుదిరింది. రెండో కంటికి చుక్క పెట్టబోతుండగా పక్కనుంచి ఎవరిదో పడవ వేగంగా వెళ్ళింది. అల వచ్చి మా పడవ ఒక్కసారి లేచి పడింది. చుక్క వెళ్ళి ముక్కు పక్కన కూర్చుంది.

నా హీరో తన ముక్కు తనే చూసుకుంటున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి, తుడిచేస్తాను" అన్నాడు ఆర్టిస్టు, గుడ్డ తీస్తూ.

"తెరిచిన కళ్ళు తుడుత్తారేంటండీ? తప్పు కదండీ" అన్నాడు నాన్న. ఆచారం ప్రకారం ఆయన మాట నిజమే. మళ్ళీ ఏడు రంగు గీకేదాకా ఆ కన్ను ముట్టుకోకూడదు. నేను ఒడ్డున ఇసకలో కూర్చుని బావురుమన్నాను. మూడు పూటలు పస్తుండి సంపాదించుకున్న హీరో, ఇలా అయిపోయాడు.

ఆ ఏడు మా పడవకి పడ్డన్ని చేపలు రేవులో ఇంకెవరికీ పడలేదు. పక్కవాళ్ళు ఖాళీ వలలు దులుపుకుంటుంటే మా పడవ చందువాలతో, వంజరాలతో ఒరిగిపోతూ వచ్చేది. నాన్నకి దానికొక కారణం దొరికింది. "ఒక కన్ను దారి చూత్తంది, ఒక కన్ను నీళ్ళలోకి చూత్తంది. మరి కనపడవా చేపలు?" అనేవాడు అడిగినవాళ్ళందరికీ. అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడు. మరుసటి ఏడు అల రాలేదు, పక్కన పడవా వెళ్ళలేదు. నాన్న బాగా గురి చూసి, కావాలనే చుక్కని ముక్కు పక్కన పెట్టాడు. ఆర్టిస్టు మొహం తిప్పేసుకున్నాడు పాపం. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే.

దానివల్ల మా ఇంట్లో అందరూ సుఖపడ్డారు, నేను తప్ప. ఎందుకంటే నేను పెరిగి పెద్దవాడినై మా ఊరి అభిమాన సంఘం కార్యదర్శినయ్యాను. కార్యదర్శి అంటే తక్కువ పదవి అనుకోకండి. కొత్త సినిమా వస్తే హాలుకి తోరణాలు నేను కట్టించాలి, కటౌట్‌కి పూలదండ నేను వేయాలి, పాలాభిషేకానికి ఇంటింటికీ తిరిగి పాలు నేను తేవాలి. మొదటి ఆటలో చింపి ఎగరేసే కాగితాలు కూడా నా పర్యవేక్షణలోనే చింపేవారు. ఇంత చేసి రేవుకి వస్తే టీకొట్టు దగ్గర అవతలి హీరో అభిమానులు కాచుకుని ఉండేవాళ్ళు. "ఏంటండీ కార్యదర్శిగారూ, మీవాడు హీరోయిన్ని చూత్తన్నాడా, విలన్ని చూత్తన్నాడా?" అనేవాళ్ళు. అందులో ఇద్దరితో చొక్కాలు చిరిగేదాకా కొట్టుకున్నాను. ఇప్పుడు వాళ్ళలో ఒకాయన నాకు వియ్యంకుడి వరస, పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తాం.

నాకు ఇరవై ఏళ్ళు నిండిన కొత్తలో ఒక వార్త వచ్చింది. మా హీరో సినిమా షూటింగు మా రేవులోనే! ఆయన బోటు ముక్కు దగ్గర నిలబడి సముద్రంలోకి వెళ్ళే దృశ్యం ఉందట. కంపెనీవాళ్ళు వచ్చి బోట్లన్నీ చూసి, ఆయన బొమ్మ ఉందని మా బోటే ఎంచుకున్నారు. ఊరంతా వచ్చి నా వీపు తట్టి వెళ్ళారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఆయన వస్తాడు, బొమ్మ చూస్తాడు, ఆ కన్ను చూస్తాడు. చూసి నా గురించి ఏమనుకుంటాడు?

నరసాపురం వెళ్ళి ఆర్టిస్టుని పట్టుకున్నాను. కన్ను తుడవడానికి లేదు, దాన్ని కప్పడానికి ఆచారంలో అడ్డేమీ లేదు. ఇద్దరం ఆలోచించి ఒక ఉపాయం చేశాం. షూటింగు ముందురోజు మధ్యాహ్నం, నాన్న వల కొనడానికి వెళ్ళిన టైములో, ఆర్టిస్టు వచ్చి రెండు వైపులా మా హీరోకి నల్లటి కూలింగ్ గ్లాసులు పెట్టి వెళ్ళాడు. ఇన్నేళ్ళ అవమానం తీరినట్టు చకచకా పెట్టాడు. చూడముచ్చటగా ఉంది. సాయంత్రం నాన్న వచ్చి బోటు ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను.

"ఎండకా?" అన్నాడు. అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు మా హీరో వచ్చాడు. తెరమీద కన్నా కాస్త పొట్టి. అయినా తెల్లచొక్కాలో ఎంత అందంగా ఉన్నాడో! గట్టుకీ బోటుకీ మధ్య బల్ల వేసి, అది కదలకుండా ఒక చివర నేను పట్టుకున్నాను. బోటులో నాన్న ఉన్నాడు. హీరోగారు బల్ల మీద ఒక కాలు పెట్టి తీసేశాడు. ఎవరితోనో మాట్లాడాడు. మళ్ళీ కాలు పెట్టాడు, మళ్ళీ తీసేశాడు. దూరంగా ఉన్న జనం ఆయన డైలాగులు చూసుకుంటున్నాడనుకున్నారు. నేను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను కాబట్టి నాకు ఆయన మోకాళ్ళు కనబడుతున్నాయి. గాలి లేకుండానే ఆయన ప్యాంటు మడతలు వణుకుతున్నాయి.

"ఇక్కడ లోతెంతండీ?" అని అడిగాడు నాన్నని, మెల్లిగా.

"మొల లోతేనండి బాబూ, రండి" అన్నాడు నాన్న.

అక్కడ రెండు నిలువుల లోతుంటుంది. ఆ సంగతి మా రేవులో పసిపిల్లలకి కూడా తెలుసు. నాన్న నావైపు చూడకుండా చెప్పాడు.

ఆయన ఇంకా తటపటాయిస్తూ బోటు మీది బొమ్మ చూశాడు. "ఇది నేనేనా? కళ్ళజోడు బావుంది" అన్నాడు.

"కళ్ళజోడు కాదండి బాబూ. దాని కింద మెల్లకన్ను ఉందండి" అన్నాడు నాన్న తాపీగా. "నేనే పెట్టానండి, అలొచ్చి చెయ్యి జారిందండి. చేపలు బాగా పడుతున్నాయని అట్టాగే ఉంచేశానండి. ఇదిగో, ఈ బల్ల పట్టుకున్నాడే, మావాడండి. మీరొత్తన్నారని సిగ్గుపడిపోయి కప్పించేశాడండి."

నేను నిలువునా నీళ్ళలో మునిగిపోదామనుకున్నాను. ఆయన నవ్వాడు. సినిమాల్లో నవ్వే నవ్వు కాదది. ముక్కుతో, భుజాలు ఎగిరిపడేలా నవ్వాడు. ఆ నవ్వులోనే నాన్న చెయ్యి చాచాడు, ఆయన పట్టుకున్నాడు. నవ్వు ఆగేసరికి ఆయన బోటులో ఉన్నాడు.

ఆ దృశ్యం సినిమాలో ఇప్పటికీ ఉంది. మా హీరో బోటు ముక్కు దగ్గర సింహంలా నిలబడి ఉంటాడు. ఒక చెయ్యి నడుము మీద, రెండో చెయ్యి కిందికి. ఆ రెండో చెయ్యి చివర తెరమీద కనబడదు. ఎందుకంటే దాన్ని మా నాన్న పట్టుకుని ఉన్నాడు. కెమెరాకి అందకుండా బోటు అడుగున గొంతుక్కూర్చుని, వెళ్ళిన దారంతా, తిరిగొచ్చిన దారంతా పట్టుకునే ఉన్నాడు. దిగేటప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ కళ్ళజోడు తీసెయ్యి తమ్ముడూ. నాన్నగారు పెట్టిన కన్నే ఉండనీ" అన్నాడు. నేను తలూపాను. మాట రాలేదు.

మాట రాకపోవడానికి ఆనందం ఒక్కటే కారణం కాదు. నాకు ఏడుపొచ్చేంత కోపంగా ఉంది. ఓడ మీదినుంచి దూకినవాడు, ఎవరికోసమైతే నేను పస్తులున్నానో ఆయన, మా బల్ల మీద కాలు పెట్టడానికి భయపడ్డాడు. మరి ఆ దూకింది ఎవరు? సంఘంవాళ్ళు గుమిగూడి ఎలా ఎక్కాడు, ఏమన్నాడు అని అడిగితే, "ఎక్కడమేంటండీ, గట్టుమీంచి ఒక్క దూకు దూకారు" అని చెప్పాను. చెప్పేకొద్దీ ఆ దూకు పొడుగు పెరుగుతూ పోయింది. నాన్న పక్కనే కూర్చుని వల అల్లుతూ వినేవాడు, ఒక్కసారి కూడా కాదనలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నాన్నా, ఆయనకి నీళ్ళంటే అంత భయమేంటి?"

"నీకు లేదా?"

"నాకెందుకుంటుంది?"

"అయితే రేపట్నించి నువ్వు బోటెక్కకు. భయం లేనోణ్ణి నేను సముద్రం మీదికి తీసుకెళ్ళను" అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈలోపు కార్యదర్శి పదవిలోనే పెళ్ళి చేసుకున్నాను. శుభలేఖ మీద వినాయకుడి కింద మా హీరో బొమ్మ వేయిస్తే, మా మామగారు కళ్ళద్దాలు పైకి జరుపుకుని, "ఈయన మీకేమవుతారండీ?" అని అడిగారు. మా ఆవిడ ఇప్పటికీ ఆ శుభలేఖ చుట్టాలకి చూపించి నవ్విస్తుంది. పెళ్ళయ్యాక మొదటి ఆట కాస్తా రెండో ఆట అయింది, తర్వాత ఆదివారం ఆట అయింది. పిల్ల పుట్టాక రెండో వారం అయింది. కాగితాలు చింపడం మానేశాను, ఊడ్చేవాళ్ళు తిట్టుకుంటారని. సంఘం పదవి ఎవరో కుర్రాడికి ఇచ్చేశాను.

మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు మొదటిసారి సినిమాకి తీసుకెళ్ళాం. తెరమీద మా హీరో రాగానే, "ఇదిగో, మన బోటు మావయ్య" అని చూపించాను. అది కాసేపు చూసి రాగం మొదలుపెట్టింది. "ఈయన కాదు. మన మావయ్య కన్ను ఇలా ఉండదు" అని ఒకటే ఏడుపు. దానికి తెలిసిన హీరో బోటు మీదున్నవాడే, తెరమీదవాడు ఎవరో మోసగాడు. ఇంటికొచ్చి చెబితే నాన్న మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు.

నాన్న పోయాక కళ్ళు తెరిపించే పని నాకు వచ్చింది. మొదటి ఏడు కుంచె పట్టుకుంటే, సరిగ్గా పెట్టేద్దామా అన్న ఆలోచన కూడా రాలేదు. చెయ్యి దానంతటదే ముక్కు వైపు వెళ్ళింది.

నాతోపాటు మా హీరోకీ వయసొచ్చింది. ఆయన జుట్టుకి రంగు వేశాడు, నేనూ వేశాను. కొన్నేళ్ళు ఆయన సినిమాలు ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఎవరైనా ఆయన పని అయిపోయిందంటే మూతి ముడుచుకుని లేచి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు ఆయన తెరమీద పరిగెత్తుతుంటే నాకు ఈల వేయాలనిపించదు. నాలుగడుగులకొక ముక్క కలిపి పరుగు చేస్తున్నారని తెలిసిపోతుంటుంది. ఆయన మోకాలు వంచినప్పుడల్లా నా మోకాలు నొప్పి పుడుతుంది. "జాగ్రత్త బాబూ" అని హాల్లో పైకే అనేస్తాను. మా ఆవిడ గిల్లుతుంది. చిన్నప్పుడు ఆయనకి ఏమీ కాదని ఇష్టపడ్డాను, ఇప్పుడు ఆయనకి ఏమైనా అవుతుందేమోనని ఇష్టపడుతున్నాను. ఆ బల్ల మీద వణికిన కాళ్ళే నాకు ఇప్పుడు ఆయనలో అన్నిటికన్నా నచ్చినవి. అంత భయంలోనూ ఎక్కాడు కదా! ఓడ మీదినుంచి దూకింది ఇంకెవరో అయితే అయ్యారు, మా బోటెక్కింది మాత్రం ఆయనే.

కిందటేడు నాకు కంటి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ బోటు వ్యవహారం మా అమ్మాయే చూసుకుంటోంది. డిగ్రీ అయ్యాక భీమవరంలో ఒక ఆఫీసులో కొన్నాళ్ళు చేసి, అక్కడ గోడలు చూస్తూ కూర్చోలేనని వచ్చేసింది. డీజిలూ, ఐసూ, చేపల వేలంపాట, ఫోన్లో వాతావరణం చూసి బోటు నడిపే సరంగుకి చెప్పడం, అన్నీ తనే. సరంగు దగ్గర్నుంచి కుర్రకలాసీ దాకా అందరూ ఆమె హీరో అభిమానులే. నేనొక్కణ్ణే ఒక పార్టీ.

"పెయింటు కూడా ఎందుకు నాన్నా, స్టిక్కర్ అతికించేద్దాం" అంది ఆ రోజు పొద్దున్న కాఫీ ఇచ్చినప్పుడే. "ఒక్క పూటలో అయిపోతుంది. ఎండకీ వానకీ పోదు."

"మరి కళ్ళో?"

"కళ్ళు ప్రింటులోనే వచ్చేస్తాయి."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "తెరిచిన కళ్ళతో వస్తాడా మీ హీరో? మరి మీ తాతయ్య చెయ్యి ఎక్కడ పడుతుంది?" అని గట్టిగా అరిచాను. అరుపు నాకే ఎక్కువనిపించింది. అమ్మాయి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఇద్దరం మా ఆవిడ ద్వారా మాట్లాడుకున్నాం. "నాన్నకి చారు కావాలేమో అడుగమ్మా" అని అదంటే, "వద్దని చెప్పు" అనేవాణ్ణి, ఎదురుగా కూర్చుని.

ఒకరోజు ఆమె భీమవరం నుంచి చాపలా చుట్టిన స్టిక్కర్ తెచ్చింది. కలాసీలు చప్పట్లు కొట్టారు. బోటు ఎడమవైపు పాత రంగు గీకి, దాన్ని అతికించారు. కుర్ర హీరో, కండలూ, గడ్డమూ, రెండు కళ్ళూ సూటిగా. బాగానే ఉన్నాడని ఒప్పుకోవాలి. నేను అరుగు మీద కూర్చుని, రెండోవైపు ఎప్పుడు గీకుతారా అని గుండె చిక్కబట్టుకుని చూస్తున్నాను. కోపం కూడా పోయింది. దిగులు మాత్రమే మిగిలింది.

మర్నాడు పొద్దున్న మా వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. వెనకనుంచి ఒక పెద్దాయన, వాళ్ళబ్బాయి భుజం పట్టుకుని దిగాడు. మా ఆర్టిస్టు! తలంతా తెల్లబడిపోయింది. "అమ్మాయిగారు ఫోన్ చేశారండి. కుడివైపు నన్నేయమన్నారు" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మాయి గుమ్మంలో నిలబడి గోళ్ళు చూసుకుంటోంది.

"రెండు వైపులున్నాయి కదా నాన్నా" అంది.

"ఏ వయసుది ఏయమంటారండీ?" అని అడిగాడు ఆర్టిస్టు. ప్రతి ఏడూ కుర్రతనం బొమ్మే వేయిస్తూ వచ్చాం. నేను ఆలోచించి, "ఇప్పటిది వేయండి. గడ్డం నెరిసిందే వేయండి. కళ్ళ కింద ముడతలు కూడా" అన్నాను. ఆయన సంతోషంగా, "అవైతే నా మొహం చూసుకుని ఏసేస్తానండి" అన్నాడు.

నిషేధం ముగిసిన రోజు బోటు నీళ్ళలోకి దిగింది. కొబ్బరికాయ కొట్టారు. ఆర్టిస్టు కుంచెని నల్లరంగులో ముంచి అలవాటుగా నా చేతికిచ్చాడు. నేను అలవాటుగా తీసుకుని ఒక అడుగు వేసి, ఆగాను. కళ్ళు తెరిపించేది యజమాని. ఇప్పుడు యజమాని నేను కాదు. కుంచె మా అమ్మాయి చేతిలో పెట్టాను. అది నా మొహంలోకి చూసి, నీళ్ళలోకి దిగింది.

ఒక కన్ను సూటిగా పెట్టింది. ఏరు అద్దంలా ఉంది, ఒక్క అల లేదు. కాస్త వంగి, నాలుక కొస పంటికింద పెట్టుకుని, రెండో చుక్క తీసుకెళ్ళి ముక్కు పక్కన పెట్టింది. అచ్చం నాన్న పెట్టినట్టే. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపరేషన్ కన్ను కదా అని తుడుచుకున్నాను గానీ, రెండో కన్ను కూడా అదే పని చేస్తోంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మా అమ్మాయి కుంచె పట్టుకునే బోటు ముక్కు చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్ళింది.

"మేడంగారూ, ఆగండాగండి! అది స్టిక్కరండి! కొత్తదండి!" అని సరంగు కేకలు వేశాడు.

ఆమె ఆగలేదు. తన హీరో కంటిపాప మీద తెల్లరంగు అద్ది, ముక్కు పక్కన నల్లచుక్క పెట్టేసింది. కలాసీలు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. "మన బోటెక్కినోళ్ళెవరైనా మా తాతయ్య చూపే చూడాలి" అంది కుంచె నీళ్ళలో కడుక్కుంటూ. నేనూ ఆర్టిస్టూ ఒకరి భుజాలొకరు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాం. పాపం ఆ సరంగు మొహం చూస్తే నా టీకొట్టు రోజులు గుర్తొచ్చాయి.

"రా నాన్నా, మొగదాకా వెళ్ళొద్దాం" అని అమ్మాయి బోటులోంచి పిలిచింది. ఆపరేషన్ అయ్యాక నేను బోటెక్కలేదు. బల్ల మీద కాలు పెట్టాను. ఒక కంటికి దగ్గరగా, ఒక కంటికి దూరంగా కనబడింది బల్ల. మోకాళ్ళు వణికాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎక్కుతున్న బోటు, కాలు వెనక్కి తీసేసుకున్నాను.

"లోతెంతమ్మా ఇక్కడ?" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు.

మా అమ్మాయి చెయ్యి చాచింది. దానికి ఆ కథ నేనే వందసార్లు చెప్పాను.

"మొల లోతే నాన్నా, రా" అంది.

చెయ్యి పట్టుకుని ఎక్కేశాను.